అవ్వను కూర్చోబెట్టకండి

ధర్మపురి చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పెద్దవాళ్లతో వ్యాయామాలు చేయించడం నా పని. ‘మక్కళై తేడి మరుత్తువం’ పేరుతో తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న మా పక్కనున్న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ఒక పథకం మొదలుపెట్టింది. వైద్యమే ఇంటి గడపలోకి వచ్చే పథకం అది. బీపీ, షుగర్ మాత్రలు తెచ్చిచ్చేవాళ్లతో పాటు నాలాంటి ఫిజియోథెరపిస్టులూ అందులో ఉన్నారు. తెలుగు మాట్లాడే ఇళ్లలో నాకు తరచూ వినిపించే మాట ఒకటుంది: “అవ్వకి ఏ పనీ చెప్పం మేడం, కూర్చోబెట్టి చూసుకుంటున్నాం.”

ఆ మాటలో ఉన్న ప్రేమను నేను కాదనను. కానీ షుగరున్న మనిషిని పొద్దస్తమానం కూర్చోబెడితే మేలు కంటే కీడే ఎక్కువ.

అవ్వ పొద్దున్నే మాత్ర వేసుకుంటుంది. సంగటి ముద్ద చిన్నది చేసుకుంది. గుడిదాకా నడిచి వస్తుంది. ఆ తర్వాత టీవీ ముందు కూర్చుంటే మళ్లీ అన్నానికే లేస్తుంది, తిని మళ్లీ అక్కడే కూర్చుంటుంది. పొద్దుటి నడక మంచిదే, మానకూడదు. అయితే మిగతా పగలంతా కదలకుండా గడిపితే ఆ ఒక్క నడక చాలదు.

ఎందుకంటే, తిన్న సంగటి, అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరతాయి. ఆ చక్కెరలో పెద్ద వాటా కండరాలకే పోవాలి. ఒంట్లోకెల్లా పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి. అవి కదిలినప్పుడు గ్లూట్-4 అనే ప్రోటీన్లు కణం అంచుకు చేరి చక్కెరను లోపలికి తీసుకుంటాయి. ఇన్సులిన్ సరిగా పనిచేయని ఒంట్లో కూడా కదలిక ఈ పని చేయించగలదు. కూర్చున్నంతసేపూ ఆ కండరాలకు పనే ఉండదు. వయసుతో పాటు కండ కరుగుతూ ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లకు ఈ నష్టం ఇంకా ఎక్కువ.

కూర్చునే కొలువుకూ గుండెజబ్బుకూ ఉన్న సంబంధాన్ని పరిశోధకుడు జెరీ మోరిస్ 1953లోనే లండన్ రెండంతస్తుల బస్సుల్లో చూపించాడు. రోజంతా సీట్లో ఉండే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లలో ఆ జబ్బు తక్కువ కనిపించింది. 2012లో ఆస్ట్రేలియాలో డేవిడ్ డన్‌స్టన్ బృందం 45 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న, అధిక బరువో స్థూలకాయమో ఉన్న 19 మందిని పరీక్షించింది. ప్రతి 20 నిమిషాలకోసారి లేచి 2 నిమిషాలు మెల్లగా నడిచిన రోజున, తిన్నాక పెరిగే చక్కెర సుమారు 24 శాతం తగ్గింది. మరుసటేడు అమెరికాలో లొరెట్టా డిపియెట్రో బృందం 60 దాటినవాళ్లను గమనించింది. మూడు పూటలా తిన్న తర్వాత 15 నిమిషాలు నడవడం, ఒకేసారి 45 నిమిషాలు నడవడం కంటే రాత్రి భోజనం తర్వాతి చక్కెరను బాగా అదుపు చేసింది. ఇవి కొద్దిమందితో, కొద్ది రోజులు చేసిన పరీక్షలే. అయినా అన్నీ ఒకే దారి చూపిస్తున్నాయి. దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో అంచనా వేసింది. ఖర్చులేని ఈ దారిని మనం వదులుకోకూడదు.

పాలక్కోడు వైపు పట్టుపురుగులు పెంచిన అవ్వలకు ఇలా మాటిమాటికీ లేవడం కొత్త సంగతి కాదు. మేత వేసే వేళయితే లేవాల్సిందే. ఆకు కోయాలి, మోయాలి, తట్టలు శుభ్రం చేయాలి. పిల్లలు బెంగళూరుకో తిరుప్పూరుకో పనికి పోయాక చాలా ఇళ్లలో ఆ పని ఆగిపోయింది. దాంతోపాటే లేచి తిరగడమూ ఆగిపోయింది.

నేను చెప్పేది ఇంతే. అరగంటకోసారి లేవండి, రెండు మూడు నిమిషాలు నడవండి. తిన్న వెంటనే మంచం ఎక్కకండి. మోకాళ్లు నొప్పయితే కిటికీ ఊచలు పట్టుకుని మడమలు ఎత్తి దించండి. అదీ కుదరకపోతే కుర్చీలోనే ఒక్కో కాలూ చాపి దించండి. బీపీ మాత్రలు వాడేవాళ్లు గభాలున లేవకూడదు. కూర్చున్న చోటు అంచుకు జరిగి, పాదాలు ఆడించి, కళ్లు తిరగడం లేదని చూసుకున్నాకే లేవాలి. అరికాళ్లు తిమ్మిరెక్కేవాళ్లు ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. మాత్రలు, ఇన్సులిన్ మాత్రం డాక్టరు చెప్పకుండా తగ్గించకూడదు.

ఇక ఇంట్లోవాళ్లకు ఒక మనవి. అవ్వ నీళ్లు అడిగితే ప్రతిసారీ పరిగెత్తి తెచ్చివ్వకండి. ఆమె చేయగలిగితే బిందె దగ్గరికి ఆమెనే వెళ్లనివ్వండి. ముగ్గు వేయడం, కరివేపాకు తుంచుకురావడం, ఆరిన బట్టలు తీయడం లాంటి చిన్న పనులు ఆమెకే వదిలేయండి. టీవీలో ప్రకటనలు మొదలవగానే “లే అవ్వా, వాకిట్లో ఒక చుట్టు తిరిగొద్దాం” అని చేయి అందించండి. మాత్రలు ఇంటికి తెచ్చివ్వడానికి మేమున్నాం. ఆ చేయి అందించాల్సింది మాత్రం ఇంట్లో ఉన్న మీరే.