గుమాస్తా సొంత చిట్టా: అప్పుల బరువు దించుకునే లెక్క

గుంటూరు మిరప యార్డుకు ఏటా మే, జూను నెలల్లో కొన్ని వారాలపాటు వేసవి సెలవులు వస్తాయి. జనవరి నుంచి ఊపిరి సలపనివ్వని టిక్కీల రాబడి ఆగిపోతుంది. కాటాలు ఖాళీపడతాయి. కొట్లలో ఏడాది లెక్కలు సరిచూసుకునే పని మొదలవుతుంది. రైతుల పట్టీలు, కొనుగోలుదార్ల బాకీలు, కోల్డు స్టోరేజీ అద్దెలు, హమాలీ ఖర్చులు అన్నీ రూపాయితో సహా తేలుతాయి. తేలనిది ఒక్కటే ఉంటుంది. అది, ఆ లెక్కలు రాసే కుర్ర గుమాస్తా సొంత అప్పు.

ఏ ఖాతాదారు ఎంత బాకీయో అడిగితే ఆవర్జా తిరగేయకుండా చెప్పగల కుర్రవాడు, నీ అప్పు మొత్తం ఎంత అంటే "ఓ లక్ష దాకా ఉంటుందండి" అంటాడు. కొట్టులో ఈ సమాధానం చెబితే యజమాని ఒప్పుకోడు. ఇంటి విషయంలో మాత్రం అదే సమాధానంతో ఏళ్ళు గడిచిపోతున్నాయి. అప్పు తీర్చే పని జీతం పెరిగిననాడు మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది మొత్తం తెలిసిననాడు మొదలవుతుంది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు లెక్క కోసం వేసినవే అయినా, కమీషను కొట్ల సంగతి తెలిసినవారికి వింతగా తోచవు. కుర్రవాడికి 24 ఏళ్ళు. నెలకు 18,000 జీతం. తల్లితో కలిసి ఉంటున్నాడు. అప్పులు ఇలా ఉన్నవి: క్రెడిట్ కార్డు మీద 40,000, అక్క పెళ్ళికి బంధువు దగ్గర ప్రామిసరీ నోటు మీద రెండు రూపాయల వడ్డీకి 50,000, రోజువారీ ఫైనాన్సు 10,000 తీసుకున్నదానిలో ఇంకా 40 రోజుల కట్టుబడి, అంటే 4,000, సెల్ ఫోను వాయిదాలు నెలకు 1,500 చొప్పున ఆరు, వెరసి 9,000, కొట్టులో వాడుకున్న అడ్వాన్సు 15,000. మొత్తం 1,18,000. "ఓ లక్ష దాకా" అన్న మాటకూ ఈ అంకెకూ మధ్య తేడా ఒక నెల జీతం.

వడ్డీలన్నీ ఒకే కాటా మీద

కందులను బస్తాల లెక్కన, మినుములను క్వింటాళ్ళ లెక్కన చెప్పి ఏది చవక అని అడిగితే ఏ దలాలీ జవాబు చెప్పడు. ముందు రెండింటినీ ఒక తూనికకు తెస్తాడు. అప్పుల విషయంలోనూ ఇంతే. ఒకరు ఏడాదికి ఇంత శాతం అంటారు, ఒకరు నూటికి నెలకు ఇంత అంటారు, మరొకరు వడ్డీ మాటే ఎత్తరు. అన్నింటినీ మనకు అలవాటైన నూటికి నెలకు ఇన్ని రూపాయలన్న లెక్కలోకి దించితే అసలు రంగు బయటపడుతుంది.

రోజువారీ ఫైనాన్సు చూడండి. పదివేలని రాసుకుని, చేతికి 9,000 ఇచ్చి, రోజుకు 100 చొప్పున నూరు రోజులు వసూలు చేస్తారు. వెయ్యి రూపాయలేగా, నూటికి పది కదా అని కుర్రవాడి భ్రమ. కానీ ఆ 9,000 నూరు రోజులూ అతని దగ్గర ఉండవు. మొదటిరోజు నుంచే కరిగిపోతూ వస్తాయి. సగటున అతని దగ్గర ఉన్నది నాలుగున్నర వేలకు కాస్త పైన మాత్రమే. దాని మీద నూరు రోజులకు వెయ్యి వడ్డీ అంటే నెలకు సుమారు ఆరున్నర రూపాయలు పడుతుంది.

క్రెడిట్ కార్డు రెండవది. మూడున్నర రూపాయల వడ్డీ అనుకుంటే, దాని మీద నూటికి 18 చొప్పున జీఎస్టీ కలిపి నాలుగు రూపాయల పన్నెండు, పదమూడు పైసలు అవుతుంది. 40,000 మీద నెలకు 1,400 వడ్డీ, 252 పన్ను, వెరసి 1,652. కనీస మొత్తం చెల్లిస్తే చాలని బిల్లులో రాసి ఉంటుంది. అది నూటికి అయిదు చొప్పున 2,000 అనుకుంటే, అసలుకు జమ అయ్యేది 348 మాత్రమే. ఇంకొక మెలిక ఉన్నది. పూర్తి బిల్లు కట్టని కార్డు మీద కొత్తగా ఏది కొన్నా, కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది; గడువు సదుపాయం ఉండదు.

బంధువు నోటు మీద రెండు రూపాయలు. ఫోను వాయిదాలకు, కొట్టు అడ్వాన్సుకు మన ఉదాహరణలో వడ్డీ లేదు. ఊళ్ళో అందరూ భయపడేది ప్రామిసరీ నోటుకే. అది కాగితం కనుక, సంతకం కనుక, బంధువు ఎదురుపడతాడు కనుక. జేబులో మెత్తగా పడుకున్న కార్డు మాత్రం దానికి రెట్టింపు వడ్డీ తింటున్నది. సిగ్గు ఎక్కడ ఎక్కువో అక్కడ ముందు కట్టడం మనుషుల స్వభావం. వడ్డీ ఎక్కడ ఎక్కువో అక్కడ కట్టడం వర్తకుడి పద్ధతి.

ఆఖరు నిల్వ ఎందుకు రాదు?

ఇప్పుడు నెల చిట్టా వేద్దాం. జమ 18,000. అప్పుల ఖాతాకు పోయేవి: కార్డుకు 2,000, ఫైనాన్సుకు 3,000, ఫోనుకు 1,500, నోటు వడ్డీ 1,000, అడ్వాన్సు కోత 1,000. వెరసి 8,500. ఇంటికి ఇచ్చేది 6,500, పెట్రోలు 1,500, ఫోను రీచార్జి 300. ఇంతవరకు అతనే చెప్పగలడు. వీటి మొత్తం 16,800. మరి మిగతా 1,200 ఏది అంటే తెలియదంటాడు. పైగా నెలాఖరున కార్డు గీకవలసి వస్తున్నదంటాడు.

ఇక్కడే చిట్టా అవసరం. నెలరోజులు రోజుకొక పేజీ రాస్తే, టీ, టిఫిను, సిగరెట్టు, స్నేహితుల బిర్యానీ కింద 2,700 తేలింది. ఈ రోజుల్లో ఈ పని సగం అయ్యే ఉంటుంది. ఫోనుతో స్కాన్ చేసి ఇచ్చిన ప్రతి పది రూపాయలూ ఆ ఫోనులోనే నమోదై ఉంటాయి. చేతిలోంచి నోటు పోతే కలిగే నొప్పి స్కానింగులో లేదు కాబట్టి ఖర్చు పెరిగింది, నిజమే. కానీ చిట్టా రాసిపెట్టిన గుమాస్తా కూడా ఆ ఫోనే.

వెరసి ఖర్చు 19,500. లోటు 1,500. ఆ లోటు కార్డు మీదకు పోతున్నది. నెలకు 348 అసలు తగ్గుతుండగా 1,500 కొత్తగా చేరుతున్నది. అంటే క్రమం తప్పకుండా కడుతూనే నెలకు 1,152 చొప్పున అప్పు పెంచుకుంటున్నాడు. ఒక్క వాయిదా తప్పలేదని అతను గర్వపడుతున్న నెలల్లోనే ఇది జరుగుతున్నది.

బడ్జెటు అంటే పస్తులుండడం కాదు. టీ మానేయమని ఎవరు చెప్పినా రెండువారాలకు మించి నిలవదు. 2,700ను 1,000కి దింపి, ఆ వెయ్యిని జీతం రోజునే వేరుగా తీసిపెట్టుకుంటే చాలు. లోటు పోయి 200 మిగులు కనిపిస్తుంది. చిన్న అంకె. కానీ కార్డు మీద కొత్త గీత పడని మొదటి నెల అదే.

ఏది ముందు కట్టాలి?

వడ్డీ ప్రకారం ఫైనాన్సు ముందు తీరాలి. కానీ దీనికి ముందే వడ్డీ పట్టేసుకున్నారు. తగ్గింపు ఇస్తే తప్ప, తొందరపడి కట్టినందువల్ల పైసా కలిసిరాదు. కాబట్టి 40 రోజులూ మామూలుగా కట్టి, ఆ పుస్తకం అక్కడితో మూసేయాలి. కష్టమంతా నలభై ఒకటో రోజున ఉంది. సక్రమంగా కట్టిన కుర్రవాణ్ణి ఫైనాన్సు మనిషి వదలడు; ఈసారి ఇరవై ఇస్తానంటాడు. ఆ రోజు కాదని అనగలిగితే నెలకు 3,000 విడుదలైనట్టే.

ఆ విడుదలైన సొమ్మంతా కార్డుకే పోవాలి. మొదటి నెల 2,200, రెండవ నెల 4,200, మూడవ నెల నుంచి 5,200. ఆరు నెలలకు ఫోను వాయిదాలు అయిపోతాయి. ఏడవ నెల నుంచి 6,700. ఈ లెక్కన 40,000 కార్డు బాకీ పదవ నెలలో సున్నా అవుతుంది. ఆ నెలలో మిగిలిన 3,500 పైచిలుకు నోటు అసలుకు పోతుంది. తరువాత నెలనెలా అదే మొత్తం, వడ్డీకి ఇస్తున్న వెయ్యితో కలిపి బంధువుకు కడితే పదిహేడవ నెలలో నోటు తీరుతుంది. మధ్యలో పదిహేనవ నెలకు కొట్టు అడ్వాన్సు కూడా తీరిపోతుంది. జీతం రూపాయి పెరగకుండానే ఇది జరుగుతుంది.

సీజను నాలుగు నెలలూ రాత్రిపూట పనికి వచ్చే అదనపు సొమ్మును ఈ లెక్కలో కలపలేదు. నెలకు నాలుగు వేలనుకుంటే 16,000. నాలుగు రూపాయల వడ్డీ తింటున్న కార్డుకు అదంతా కట్టేయమని గణితం చెబుతుంది. అందులో 10,000 విడిగా బ్యాంకులో ఉంచమని అనుభవం చెబుతుంది. నా ఓటు అనుభవానికే. చేతిలో నిల్వ లేనివాడికి తల్లికి జ్వరం వచ్చిన రాత్రి గుర్తుకొచ్చేది ఆ ఫైనాన్సు మనిషే.

తల్లి గొలుసు బ్యాంకులో పెట్టి కార్డు బాకీ ఒకేసారి తీర్చవచ్చు కదా అని కొందరు అడుగుతారు. లెక్క ప్రకారం మంచి బేరమే. బ్యాంకు బంగారపు అప్పు సాధారణంగా రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది. 80 పైసలనుకుంటే నెలకు 1,652 బదులు 320. కానీ లోటు మూయకముందే ఈ పని చేస్తే ఏడాది తిరిగేసరికి గొలుసు బ్యాంకులోనే ఉంటుంది, కార్డు మళ్ళీ నిండుతుంది. మూడు నెలలు చిట్టా నిలబడిన తరువాత అయితే సరే.

ఫోనులో క్షణంలో అప్పిచ్చే యాప్‌ల జోలికి పోయేవారు ఒక సంగతి గమనించాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, అప్పు సొమ్ము రుణసంస్థ ఖాతా నుంచే నేరుగా రావాలి. అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటు ఎంతో ముందే ఒక పత్రంలో చూపాలి. ఆ పత్రం లేని చోట సంతకమూ లేదు, వేలు నొక్కడమూ లేదు.

యజమానులకు ఒక మాట

అప్పుల్లో ఉన్న కుర్రవాడి చేతుల మీదుగా రోజూ లక్షలు బ్యాంకుకు పోతుంటాయి. దొంగబుద్ధి లేనివాడు కూడా "సోమవారం పెట్టేద్దాం" అనుకునే శనివారం ఒకటి వస్తుంది. లేదా ఒక్క బేరంతో అన్నీ తీర్చేద్దామన్న ఊహతో ఫోనులో ఆప్షన్ల వ్యాపారం మొదలుపెడతాడు. 2021–22 నుంచి 2023–24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో షేర్ల ఫ్యూచర్లు, ఆప్షన్లలో దిగిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారని సెబీ 2024 సెప్టెంబరులో వెలువరించిన అధ్యయనం తెలిపింది. తేజీమందీలు చూసి తలపండిన మీకు ఆ అంకె ఆశ్చర్యం కలిగించకపోవచ్చు. కుర్రవాడికి చెప్పవలసింది మీరే.

అడ్వాన్సు అడిగిన ప్రతిసారీ ఇచ్చేయడం దయ అనిపిస్తుంది. కానీ జీతంలో కోత పెరిగేకొద్దీ అతని లోటు పెరిగి, బయటి అప్పు ఎక్కువవుతుంది. ఇచ్చేముందు మొత్తం అప్పుల జాబితా ఒక కాగితం మీద రాసి తెమ్మని అడగండి. తిట్టడానికి కాదు. రాయగలిగితే సగం భయం పోతుంది. కొత్త అడ్వాన్సు ఇవ్వక తప్పదనుకుంటే, కార్డు బాకీకో ఫైనాన్సుకో నేరుగా మీరే కట్టి, కోత మాత్రం వెయ్యి దాటనివ్వకండి.

చివరగా నోటు సంగతి. బంధువుకు ఎప్పుడు ఎంత ఇచ్చినా, అది వడ్డీకో అసలుకో స్పష్టంగా రాసి, తేదీతో నోటు వెనుక చెల్లు వేయించుకోవాలి. మనవాడే కదా అని మొగమాటపడి నోటిమాట మీద ఇచ్చిన సొమ్ము ఆ కాగితం మీద ఎక్కదు. ఆఖరి మొత్తం ఇచ్చే రోజున అసలు నోటు చేతికి తీసుకోవాలి. కనబడడం లేదంటే, బాకీ పూర్తిగా చెల్లిందని ఇద్దరు సాక్షులతో రసీదు రాయించుకున్న తరువాతే సొమ్ము లెక్కపెట్టాలి.