చిత్తుకాగితాల్లో పోయిన ఫిడేలు

ఇల్లు మారాల్సి వస్తే మన కన్ను ముందుగా పడేది అటక మీది పాత కాగితాల మీదే కదండీ! నాలుగేళ్ల క్రితం నేనూ అంతే. దుమ్ము కొట్టుకుపోయిన కట్టలన్నీ దింపించి కిలోల లెక్కన అమ్మేశాను. వచ్చిన డబ్బుతో పోపుల డబ్బా కొనుక్కుని సంబరపడ్డాను కూడా. ఆ కట్టల్లో మా నాన్నగారి ఫిడేలు వెళ్ళిపోయిందని అప్పుడు తెలియలేదు.

ఫిడేలంటే వాయిద్యం కాదు లెండి, దాన్ని తయారుచేసే పద్ధతి. నాన్నగారు మద్రాసులో చదువుకునే రోజుల్లో మూర్ మార్కెట్లో అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పత్రికల సంపుటం ఒకటి కొన్నారు. 1985లో తగలబడిపోయిందే, ఆ మూర్ మార్కెట్. ఇంట్లో ఫిడేలు ఎలా చేసుకోవాలో ఆ పత్రికలో బొమ్మలు, కొలతలతో వరుసగా రాశారట. అమ్మ పోయాక ఆయనకి పొద్దు గడవడం కష్టమైంది. ఒకనాడు "ఆ కట్ట ఏదమ్మా, ఇప్పుడు మొదలెడదాం" అన్నారు. నాకు నోట మాట రాలేదు. విషయం చెబితే "పోనీలే" అన్నారు. ఆయన నాలుగు తిట్టినా బాగుండేది!

ఎలాగైనా వెతికి తేవాలనుకున్నాను. మా అబ్బాయి కంప్యూటర్లో ఫిడేలు తయారీ అని కొడితే కుప్పలుతెప్పలుగా వచ్చాయి. అందులో నాన్నగారిది ఏదని తేల్చడం? పత్రిక పేరు ఆయనకి గుర్తులేదు. అప్పుడు పేరు వదిలేసి, ఇంకేం గుర్తున్నాయని అడిగాను. "రాసినాయన లాయరు. చేతిరేఖల మీద కూడా పుస్తకాలు రాశాడు" అన్నారు. ఆ ఒక్క మాటే దారి చూపింది.

ఆయన ఎడ్వర్డ్ హెరాన్-అలెన్ అనే ఇంగ్లీషాయన, 1861లో పుట్టి 1943లో పోయారు. న్యాయవాద వృత్తిలో ఉంటూనే లండన్‌లో జార్జి షానో అనే ఫిడేళ్ల తయారీదారు దగ్గర పని నేర్చుకున్నారు. మన ఉమర్ ఖయ్యాం రుబాయీలను 1898లో పారసీకం నుంచి అనువదించిందీ ఈయనే! ఫిడేలు వ్యాసాలు 1880లలో 'అమెచ్యూర్ వర్క్' అనే పత్రికలో వచ్చాయి. తరవాత 1884లో 'వయొలిన్ మేకింగ్' అన్న పుస్తకమయ్యాయి. చూశారా, పత్రిక దొరక్కపోయినా, అందులో వరుసగా వచ్చినవి పుస్తకంగా దొరకొచ్చు. ఈ పుస్తకం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

దొరికింది కదా అని వెంటనే ప్రింటు తీస్తే మాత్రం చిక్కే సుమండీ! పాత పత్రికల్లో పెద్ద పటాలు మడతపెట్టి కుట్టేవారు. ఫొటో తీసేవాళ్లు ఆ మడత విప్పకపోతే సగం బొమ్మే వస్తుంది. అప్పుడు అదే పుస్తకానికి ఇంకో ప్రతి వెతకాలి. రెండోది కొలత. కంప్యూటరు పటాన్ని కాగితానికి సరిపడా కుదించేస్తుంది. పత్రికలో వచ్చిన జాకెట్టు నమూనా చిన్నదైపోతే జాకెట్టు ఒంటికెక్కుతుందా? ఇదీ అంతే.

పెద్దవాళ్ల ఫిడేలు పెట్టె పొడవు, మెడ వదిలేసి, సుమారు 355 మిల్లీమీటర్లు, అంటే 14 అంగుళాలు. కింది భాగం వెడల్పు 206, 208 ప్రాంతంలో ఉంటుంది. పటంలో పొడవు 178 వస్తే జిరాక్సు షాపులో రెండింతలు చేయించాలి. పొడవు సరిపోయి వెడల్పు బాగా తేడా వస్తే, బొమ్మ సాగిందో నొక్కుకుపోయిందో అన్నమాట. దాన్ని పక్కన పెట్టాలి.

ఇంగ్లీషు వాళ్ల పటం మన కచేరీకి పనికొస్తుందా అని నేనూ అడిగాను. వాయిద్యం ఒకటేనట. తీగెల శ్రుతి, కూర్చుని పట్టుకునే తీరు మాత్రమే వేరు. పైపలకకి స్ప్రూసు, వెనక పలకకి మేపుల్ కర్ర వాడతారు.

పటం చేతికిచ్చిన రోజున నాన్నగారు కళ్లజోడు సవరించుకుని, స్కేలు పెట్టి రెండుసార్లు కొలిచారు. "సరిపోయిందమ్మా" అన్నారు. ఇప్పుడు అట్టముక్క మీద అచ్చు కోసుకుంటున్నారు. ఫిడేలు ఎప్పటికవుతుందో గానీ, పొద్దున్నే కాఫీ తాగగానే ఆయన బల్ల దగ్గరికి వెళ్తున్నారు. నాకంతే చాలు.

పాత కాగితాలవాడు గుమ్మంలోకి వస్తే తూకం వేయించే ముందు కట్ట విప్పి చూడండి. "ఇది మీదేనా, ఉంచమంటారా?" అని ఇంట్లో పెద్దవాళ్లని ఒక్క మాట అడగండి. నేను అడగలేదు. అందుకే మీకు చెబుతున్నాను.