మానిటరు కొనుటకు ముందు కొంత గణితము

కొత్త మానిటరు కొనదలచినవారు ఏలూరు అంగడిలోనైనను, తాడేపల్లిగూడెములోనైనను మొదట అడుగునది "ఎన్ని అంగుళములు?" అని. కాని తెర పెద్దదగుట వేరు, బొమ్మ స్పష్టముగా నుండుట వేరు. ఈ భేదము తెలియనిచో వేలకొలది రూపాయలు వెచ్చించియు కంటికి శ్రమయే మిగులును. దీనిని తెలిసికొనుటకు హైస్కూలు గణితము చాలును.

తెరపై చుక్కలు

మానిటరు తెర సన్నని వెలుగు చుక్కల సముదాయము. ఒక్కొక్క చుక్కను పిక్సెలు అందురు. 'ఫుల్ హెచ్.డి.' తెరలో అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చొప్పున మొత్తము 20,73,600 పిక్సెళ్లుండును. '4కె' తెరలో అడ్డముగా 3,840, నిలువుగా 2,160, మొత్తము 82,94,400. అనగా సరిగా నాలుగు రెట్లు.

అంగుళములు తెలుపునది తెర యొక్క కర్ణమును మాత్రమే. 27 అంగుళముల ఫుల్ హెచ్.డి. తెర కలదు, అదే కొలతకు 4కె తెరయు కలదు. చిన్న చెరువులోని నీటిని పెద్ద చెరువులోనికి మళ్లించినచో విస్తీర్ణము పెరిగి లోతు తగ్గును. అట్లే పిక్సెళ్ల సంఖ్య పెరుగక తెర మాత్రము పెరిగినచో, ఒక్కొక్క పిక్సెలు లావై బొమ్మలోని స్పష్టత తగ్గును.

కొల్లేటి పటము

పని కొరకు మానిటరు కొనువారికి కొల్లేరే మంచి ఉదాహరణము. సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తు వరకు గల కొల్లేటి ప్రాంతము, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహములలో మొదటిది 2015లో ప్రయోగింపబడినది. వాని చిత్రములలో 10 మీటర్ల భుజము గల చదరపు నేల ఒక పిక్సెలగును.

ఆ చిత్రమును కుదింపక తెరపై చూపినచో, ఫుల్ హెచ్.డి. తెరలో 19.2 కిలోమీటర్ల పొడవు, 10.8 కిలోమీటర్ల వెడల్పు గల ప్రాంతము పట్టును. అది 207 చదరపు కిలోమీటర్లు. కావున అభయారణ్యమంతయు అందులో ఇమడదు. 4కె తెరలో 38.4 కిలోమీటర్ల పొడవు, 21.6 కిలోమీటర్ల వెడల్పు, అనగా సుమారు 829 చదరపు కిలోమీటర్లు పట్టును. సరస్సు ఆకారము క్రమముగా లేకున్నను, అందులో అధిక భాగమును ఒకే చూపులో పరిశీలింపవచ్చును.

అయితే తెరకు ఒక పరిమితి కలదు. 10 మీటర్లకంటె సన్ననైన చేపల చెరువు గట్టు ఆ చిత్రములో ప్రత్యేకముగా కనబడక, ప్రక్కనున్న నీటితో కలసి ఒకే పిక్సెలులో పడిపోవును. చిత్రములో లేని వివరమును ఎంత ఖరీదైన మానిటరైనను పుట్టింపజాలదు. దానికి మరింత సూక్ష్మమైన చిత్రము కావలెను. 2011లో ప్రయోగింపబడిన మన రిసోర్స్‌శాట్-2లోని లిస్-4 కెమెరా 5.8 మీటర్ల వరకు విడదీసి చూపును. 2006లో అభయారణ్యము లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వము తొలగింపించినది. గట్టు హద్దుకు లోపలనున్నదా, వెలుపలనున్నదా అనుట అక్కడివారికి జీవనోపాధి ప్రశ్న. కనుక పటము చదువువారు తెర లోపమేదో, చిత్రపు లోపమేదో వేరు చేసి తెలిసికొనవలెను.

కంటి హద్దు

ఆరోగ్యవంతమైన కన్ను సుమారుగా డిగ్రీలో 60వ వంతు కోణము వరకు రెండు చుక్కలను వేరు చేయగలదు. 60 సెంటీమీటర్ల దూరమున ఈ కోణము 0.175 మిల్లీమీటరు అగును. అంతకంటె లావైన పిక్సెళ్లు విడివిడిగా కనబడును.

తెర వెడల్పును అడ్డముగా నున్న పిక్సెళ్ల సంఖ్యతో భాగించినచో పిక్సెలు వెడల్పు వచ్చును. దానిని 3,438తో హెచ్చించినచో, చుక్కలు కలసిపోయి కనబడు కనీస దూరము తెలియును. ఆ లెక్కన 27 అంగుళముల ఫుల్ హెచ్.డి. తెరకు 107 సెంటీమీటర్లు, అదే కొలత గల 4కె తెరకు 54, 32 అంగుళముల 4కె తెరకు 63, 42 అంగుళముల 4కె తెరకు 83 సెంటీమీటర్లు కావలెను. బల్ల వెడల్పు చాలనిచో పెద్ద తెర వలన లాభము లేదు. చిన్న 4కె తెరపై అక్షరములు మిక్కిలి చిన్నవిగా కనబడును గనుక, కంప్యూటరు అమరికలలో వానిని 125 లేక 150 శాతమునకు పెంచుకొనవలెను.

ఆటల అవసరము

ఆటలో బొమ్మ క్షణక్షణము మారును. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 మారులు, అనగా ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి బొమ్మను మార్చును. 144 హెర్ట్జ్ తెర ప్రతి 6.9 మిల్లీసెకన్లకు మార్చును. ఆ బొమ్మలను లెక్కగట్టి అందించు పని గ్రాఫిక్స్ కార్డుది. 4కె తెరకు సెకనుకు 60 బొమ్మలనగా సుమారు 50 కోట్ల పిక్సెళ్లు; 144 బొమ్మలనగా 119 కోట్లు. కార్డుకు ఆ శక్తి లేనిచో మంచి తెరపైనను ఆట కుంటుపడును.

తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. అట్టి సంస్థలో చదువు విద్యార్థికి నక్షాలు గీయుట, ఆట రెండును ఒకే తెరపై సాగవలసియుండును. అట్టివారికి 27 అంగుళములలో 2,560 అడ్డము, 1,440 నిలువు పిక్సెళ్లు గల తెర మధ్యేమార్గము. 144 హెర్ట్జ్‌లోనైనను దానికి సెకనుకు 53 కోట్ల పిక్సెళ్లు చాలును. దానిని 80 సెంటీమీటర్ల దూరమున నుంచుకొనిన మంచిది.

కొనునపుడు తంతి సంగతియు విచారింపవలెను. హెచ్.డి.ఎం.ఐ. 1.4 రకము 4కె చిత్రమును సెకనుకు 30 మారులే అందించును. 60 మారులకు 2.0 రకము కావలెను. తరగతిలో పలువురు ప్రక్కలనుండి చూచునట్టి తెరకు ఐ.పి.ఎస్. రకము మేలు, ఓరగా చూచినను దానిలో రంగులు అంతగా మారవు.

కావున అంగడికి పోవుటకు ముందు కంటికిని తెరకును నడుమ నుండు దూరమును టేపుతో కొలువవలెను. తరువాత చేయదలచిన పనిని, కంప్యూటరు శక్తిని విచారింపవలెను. ఈ మూడును తెలిసినచో ఎన్ని అంగుళములు కావలెనో అంగడివాని నడుగ నక్కరలేదు.