మీకు తెలుసా? రాజభవనంలో కాపురాలు!

క్రొయేషియా సముద్రతీరంలోని స్ప్లిట్ పాతబస్తీ నడిబొడ్డు ఒకప్పుడు ఒకే ఒక్కరి ఇల్లు. 305లో గద్దె దిగిన రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ విశ్రాంతి కోసం కట్టించుకున్న కోటలాంటి భవనమది. 7వ శతాబ్దంలో పొరుగునున్న సలోనా నగరం దాడులకు పాడుపడితే, జనం వచ్చి ఈ గోడల మధ్య తలదాచుకున్నారు. ఇప్పటికీ ఇక్కడ సంసారాలు సాగుతున్నాయి, రోమన్ స్తంభాలు ఇళ్ల గోడల్లో కలిసిపోయి కనిపిస్తాయి.

అసలు విడ్డూరం ఇక్కడి కేథడ్రల్. క్రైస్తవులను వేధించిన ఆ చక్రవర్తి సమాధి మందిరమే, ఆయన ఏలుబడిలో బలైన బిషప్ డోమ్నియస్ పేరిట చర్చి అయింది! బయట ఈజిప్టు నుంచి తెచ్చిన నల్లరాతి స్ఫింక్స్ వయసు సుమారు 3,500 ఏళ్లు. రాజభవనం నేలమాళిగలను మాత్రం వదలకండి: పైన కూలిపోయిన గదుల అమరిక కింద అచ్చంగా మిగిలింది.