కలకత్తా తరగతిలో ఒక ప్రశ్న

1944. కలకత్తా విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. తరగతి. పాఠం చెబుతున్న కల్యంపూడి రాధాకృష్ణరావుకు పాతికేళ్లు కూడా నిండలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1941 జనవరిలో చేరారు. ఆనాటి పాఠం గణాంకవేత్త ఫిషర్ సూత్రం: నమూనా చాలా పెద్దదైతే అంచనాలో తప్పు ఎంతకన్నా తగ్గదో అది చెబుతుంది. తర్వాతి కాలంలో ఆర్థికవేత్తగా పేరుపొందిన వి.ఎం. దండేకర్ అప్పుడు విద్యార్థి. నమూనా చిన్నదైతే సంగతేమిటని ఆయన అడిగారు.

రావు ఆ రాత్రి కూర్చుని, మర్నాడు జవాబుతో తరగతికి వచ్చారు.

ఆ జవాబుకు కావలసిన సరంజామా అంతా డిగ్రీ పుస్తకాల్లోనే ఉంది. సంభావ్యతా వక్రం కింది వైశాల్యం ఎప్పుడూ 1. మనం అంచనా వేయాల్సిన తెలియని విలువ తీటా కాస్త మారితే వక్రం రూపు మారుతుందే గాని వైశాల్యం మారదు. కాబట్టి ఆ సమాకలనాన్ని తీటా దృష్ట్యా అవకలనం చేస్తే సున్నా. సగటున సరిగ్గా తీటానే చూపే అంచనా ఒకటి తీసుకుంటే, ఆ సగటూ సమాకలనమే. దాన్ని అవకలనం చేస్తే 1. రెండూ కలిపితే ఒక సంగతి తేలుతుంది: అంచనాలోని తప్పును, వక్రం లాగరిథమ్ మారే వేగంతో గుణించి సగటు తీస్తే కచ్చితంగా 1 వస్తుంది.

ఇక లీనియర్ ఆల్జీబ్రా. తప్పు ఒక సదిశ, వేగం మరో సదిశ అనుకుంటే, ఆ సగటు వాటి బిందు లబ్ధం. అది రెండు పొడవుల లబ్ధాన్ని మించదు. ఇదే కోషీ–ష్వార్జ్ అసమానత. వేగం పొడవు తెలుసు గనుక తప్పు పొడవుకు కింది హద్దు దొరికినట్టే. బొమ్మా బొరుసూ సమంగా పడే నాణేన్ని 100 సార్లు ఎగరేసి బొమ్మ సంభావ్యతను అంచనా వేస్తే, ఆ అంచనా ప్రామాణిక విచలనం 0.05 కన్నా తగ్గదు. సగటున సరైన విలువే చూపే సూత్రం ఎంత తెలివైనదైనా అంతే.

1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయిన ఈ ఫలితాన్ని స్వీడన్ గణితవేత్త క్రామెర్ విడిగా సాధించడంతో ‘క్రామెర్–రావు హద్దు’ అన్న పేరు స్థిరపడింది. అదే వ్యాసంలో రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం బీజాలూ ఉన్నాయి. ఒక్క వ్యాసానికి ఇది కాస్త ఎక్కువే!

లీనియర్ ఆల్జీబ్రాతో రావు సావాసం అక్కడితో ఆగలేదు. మాత్రిక నిర్ధారకం సున్నా అయితే దానికి విలోమం లేదని పాఠ్యపుస్తకం చేతులెత్తేస్తుంది. ప్రయోగాల లెక్కల్లోనేమో అలాంటి మాత్రికలే తరచూ ఎదురవుతాయి. 1962లో రావు చూపిన దారి ఇది: ఇచ్చిన మాత్రిక ‘ఏ’ అయితే, ఏ, జీ, ఏలను వరసగా గుణిస్తే తిరిగి ఏ వచ్చేలా ఒక జీ దొరికితే చాలు, సమీకరణాలకు సాధన ఉన్నప్పుడల్లా అది సాధన ఇస్తుంది. సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి 1971లో దీనిపై పుస్తకమే రాశారు.

మళ్లీ ఆ హద్దు దగ్గరికి వస్తే, సమాకలనం లోపలికి అవకలనాన్ని తీసుకెళ్లడానికి షరతులున్నాయి. విద్యార్థులు దాటవేసేది వాటినే. 0 నుంచి తీటా వరకు సమంగా పరుచుకున్న వితరణకు క్రామెర్–రావు హద్దు లెక్కగట్టి, నమూనాలోని గరిష్ఠ విలువను తగు గుణకంతో సరిచేసిన అంచనాతో పోల్చండి. ఆ అంచనా హద్దు కిందికి దిగిపోతుంది. ఏ మెట్టు దగ్గర షరతు తప్పిందో కాగితం మీద మీరే పట్టుకోండి.