పాలలో మిగిలిన మందును తూచే యంత్రం

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మమ్ములను సభ్యులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "లాక్టోమీటరు సరిగానే చూపింది, వెన్న శాతం బాగుంది, వాసన లేదు. అయినా పాలలో మందు ఉన్నదని ట్యాంకరు తిప్పి పంపారు. కంటికి కనపడని మందు ఎట్లా దొరికిందండీ?" ప్రశ్న న్యాయమైనదే. తిరిగివచ్చిన పాల నష్టం సంఘమంతా భరించాలి గనుక ఈ సంగతి సభ్యులందరూ తెలుసుకొనుట అవసరం.

పొదుగు వాపు వచ్చిన పశువుకు పెన్సిలిన్ వంటి యాంటీబయోటిక్ మందులు వాడుతారు. సూదిమందు రక్తంలో కలిసి పాలలోకి దిగుతుంది. ఒక చన్నులోకి ఎక్కించిన ట్యూబు మందు కూడా రక్తం ద్వారా కొంత మిగిలిన చన్నులకు చేరుతుంది. పాలు కాచినా పెన్సిలిన్ పూర్తిగా పోదు. అది పడనివారికి దద్దుర్లు, ఆయాసం రావచ్చు. తోడు వేసిన పాలు సరిగా పేరుకోవు.

అందువలన కిలో పాలలో పెన్సిలిన్ 4 మైక్రోగ్రాములకు మించరాదని కోడెక్స్ అంతర్జాతీయ ప్రమాణం. అనగా రెండున్నర లక్షల కిలోల పాలకు ఒక్క గ్రాము.

ఇంత స్వల్పమైన మందును రెండు దశలలో పట్టుకొంటారు. మొదటిది త్వరగా చేసే పరీక్ష. ఒక రకంలో, గొట్టంలోని సూక్ష్మజీవులకు పాలు చేర్చి వెచ్చగా ఉంచుతారు. పాలు శుభ్రమైనవైతే అవి పెరిగి రంగు మారుతుంది. మందు ఉంటే మారదు. కాని ఏ మందు, ఎంత అన్నది ఇది చెప్పదు.

అది చెప్పేది మాస్ స్పెక్ట్రోమీటరు. మన కేంద్రంలో క్యాన్‌ను తూచినట్లు ఇది అణువులను తూస్తుంది. ఇటువంటి యంత్రం నిర్మించిన ఆస్టన్‌కు 1922లో నోబెల్ బహుమతి లభించింది. ముందుగా పాలలోని మాంసకృత్తులను విరిచి తీసివేస్తారు. మిగిలిన ద్రవాన్ని సన్నని పొడి నింపిన గొట్టం గుండా పంపితే ఒక్కొక్క మందు ఒక్కొక్క సమయానికి బయటికి వస్తుంది. దానిని విద్యుత్తు మధ్య తుంపరగా చిమ్ముతారు. తుంపర ఆరి, విద్యుదావేశం గల అణువులు మిగులుతాయి. పెన్సిలిన్ అణువు బరువు 334. ఒక ప్రోటాను చేరి 335 అవుతుంది. ఆ బరువు గలవాటినే యంత్రం లోనికి వదలి, వాయువుతో ఢీకొట్టించి పగలగొడుతుంది. 160, 176 బరువుల ముక్కలు తగిన పాళ్ళలో వస్తే అది పెన్సిలినే. కొమ్ములు, నుదుటి మచ్చ, నడక మూడూ చూసి మన గేదెను గుర్తుపట్టినట్లే ఇదీ. ఎంత ఉన్నదో తెలిసిన నమూనాతో పోల్చి పరిమాణం లెక్కకడతారు.

2018లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షించగా, 77 నమూనాలలో యాంటీబయోటిక్ శేషం పరిమితి మించింది.

ఒక సంఘంలో మేము విచారించినప్పుడు, ముందురోజే ఆవుకు ట్యూబు ఎక్కించిన సభ్యుడు "మా రెండు లీటర్లు అంతమంది పాలలో కలిస్తే తెలుస్తుందా అండీ?" అన్నారు. ఆయన మోసగాడు కాదు, లెక్క తెలియదు. ఆ రెండు లీటర్లలో 10 మిల్లీగ్రాముల పెన్సిలిన్ ఉంటే చాలు, 2,500 కిలోల పాలు పరిమితిని తాకుతాయి. ఆ రోజు నష్టపోయినవారిలో ఒక్క గేదె మీద బ్రతికే కుటుంబాలు కూడా ఉన్నవి.

కావున సభ్యులు ఈ క్రిందివి పాటించవలెను:

1. మందు వాడిన తేదీ వ్రాసి ఉంచుకొని, పాలు పోసేముందే కార్యదర్శికి చెప్పాలి.

2. చివరి మోతాదు నుండి, మందు చీటీపై వ్రాసిన గడువు తీరేవరకు నాలుగు చన్నుల పాలూ పోయరాదు. నిర్ధారించిన గడువు లేని మందుకు, 2012 నాటి ఔషధ నియమావళి సవరణ ప్రకారం, పాలకు కనీసం 7 రోజులు.

3. పశువైద్యుని సలహా లేకుండా మందు వాడరాదు.

చెప్పిన సభ్యుని తప్పుపట్టరాదని కార్యదర్శులకు మా మనవి. ఒకరు నిజం చెప్పి రెండు లీటర్లు ఇంట ఆపితే, ఊరి పాలు నిలుస్తాయి.