రూ.15 వేలలో కాంపాక్ట్ కెమెరా: ఆ '48 మెగాపిక్సెల్' ఆర్డర్ పెట్టేముందు ఒక్కసారి ఆగండి

పోయిన నెల మా చెల్లి వాట్సాప్‌లో ఒక లింక్ పంపింది. "అన్నయ్యా, 48 మెగాపిక్సెల్, 4కే వీడియో, 16ఎక్స్ జూమ్, అన్నీ కలిపి 5,499 అంట. నా దగ్గర 15 వేలున్నాయి. ఇది కొనేసి మిగతా డబ్బులతో షూస్ తీసుకోనా?" అని అడిగింది. ఆ 15 వేలు ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లోంచి నాలుగు నెలలు దాచుకున్నవి. "ఆర్డర్ పెట్టకు, రాత్రికి ఫోన్ చేస్తా" అన్నాను. ఆ ఫోన్ గంటన్నర నడిచింది. అందులో చెప్పినవీ, తర్వాత ఇద్దరం కోఠిలో షాపులు తిరిగి నేర్చుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

అసలు కెమెరా ఎందుకు?

ముందు ఒక చేదు నిజం. 15 వేల బడ్జెట్‌లో దొరికే చాలా కాంపాక్ట్ కెమెరాల కన్నా మీ జేబులో ఉన్న ఫోన్ సెన్సారే పెద్దది. మామూలు పాయింట్ అండ్ షూట్ కెమెరాల్లో ఉండేది 1/2.3 అంగుళాల సెన్సార్. దాని వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. ఇప్పుడు మిడ్‌రేంజ్ ఫోన్లలో కనిపించే 1/1.56 అంగుళాల సెన్సార్ వైశాల్యం దాదాపు 50. పైగా ఫోన్ ఒక్క క్లిక్‌కి చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి ఒక ఫొటో చేస్తుంది. పాత కెమెరాకి ఆ తెలివి లేదు, ఒకే ఫ్రేమ్, అంతే. కాబట్టి ఫ్లాష్ లేకుండా రాత్రి ఫొటోల్లో ఫోన్ గెలుస్తుంది. వీడియోలో కూడా ఫోనే గెలుస్తుంది. ఇది ఒప్పుకున్నాకే ముందుకెళ్దాం.

మరి కెమెరా దేంట్లో గెలుస్తుంది? నా లెక్కలో రెండే రెండు. ఒకటి ఆప్టికల్ జూమ్, రెండోది జెనాన్ ఫ్లాష్.

జూమ్ సంగతి లెక్కలో చూద్దాం. టెలిఫొటో లెన్స్ లేని 50 మెగాపిక్సెల్ ఫోన్‌లో 8ఎక్స్ జూమ్ చేస్తే పొడవులో ఎనిమిదో వంతు, వెడల్పులో ఎనిమిదో వంతు మిగులుతుంది. అంటే మొత్తంలో 64వ వంతు. 50ని 64తో భాగిస్తే ఒక మెగాపిక్సెల్ కూడా రాదు, 0.78. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ ఊహ. సోనీ డబ్ల్యూ830 లాంటి చిన్న కెమెరాలో 8ఎక్స్ అంటే లెన్స్ నిజంగా ముందుకొచ్చి 25 ఎంఎం నుంచి 200 ఎంఎం వరకు వెళ్తుంది. ఒక్క పిక్సెల్ కూడా పోదు.

ఫ్లాష్ సంగతి ఇంకా ముఖ్యం. ఇన్‌స్టాలో మీరు చూసే ఆ 'డిజిక్యామ్ లుక్', ముఖాలు మెరుస్తూ, వెనక అంతా చీకటిగా, డాన్స్ చేస్తున్న చెయ్యి గాల్లో ఆగిపోయినట్టు ఉండేది, అదంతా ఎక్కువగా జెనాన్ ఫ్లాష్ మహిమే. కెపాసిటర్‌లో దాచిన కరెంటు మొత్తాన్ని సెకనులో వెయ్యో వంతు, ఇంకా తక్కువ టైమ్‌లో ఒక్కసారిగా వెలుతురుగా వదిలేస్తుంది. ఫోన్‌లో ఉన్నది ఎల్ఈడీ. అది టార్చ్ లైట్‌కి అన్నయ్య, అంతకుమించి కాదు. ఒకప్పుడు నోకియా ఎన్8, 808 ప్యూర్‌వ్యూ లాంటి ఫోన్లలో జెనాన్ ఉండేది. ఆ కెపాసిటర్‌కి జాగా కావాలి కదా, ఫోన్లు సన్నబడుతుంటే అది పోయింది.

ఈ రెండూ మీకు అక్కర్లేదంటే ఆ 15 వేలు దాచుకోండి. సీరియస్‌గానే చెప్తున్నా.

ఇంతకీ ఆ 5,499 కెమెరా

ఆ లింక్ తెరిచి చూశా. పేరు ఎప్పుడూ వినని బ్రాండ్. స్పెసిఫికేషన్స్‌లో సెన్సార్ సైజ్ లేదు. '16ఎక్స్ డిజిటల్ జూమ్' అని చిన్న అక్షరాల్లో ఉంది. ఫ్లాష్ ఉండాల్సిన చోట రెండు చిన్న ఎల్ఈడీలు. అంటే పైన చెప్పుకున్న రెండు లాభాల్లో ఒక్కటి కూడా లేదు!

ఈ టైప్ కెమెరాల్లో ఉండేది సాధారణంగా చవక ఫోన్ స్థాయి చిన్న సెన్సార్. అది ఇచ్చిన ఫొటోని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 48 మెగాపిక్సెల్ ఫైల్‌గా సేవ్ చేస్తాయి. దీన్నే ఇంటర్‌పొలేషన్ అంటారు. దోసె పిండి అంతే ఉంది, పెనం మాత్రం పెద్దది. ఫైల్ సైజ్ పెరుగుతుంది, డీటెయిల్ పెరగదు.

పట్టుకోవడానికి ఒక సింపుల్ ట్రిక్. నిజమైన జూమ్ కెమెరాలో లెన్స్ చుట్టూ ఉన్న రింగ్ మీద రెండు నంబర్లు రాసి ఉంటాయి. ఉదాహరణకి కెనాన్ పవర్‌షాట్ ఎస్110 మీద 5.2-26.0 ఎంఎం అని ఉంటుంది. రెండోదాన్ని మొదటిదాంతో భాగించండి, 5 వస్తుంది. అదే ఆప్టికల్ జూమ్. ఒకే నంబర్ ఉంటే లెన్స్ కదలదు, ఆప్టికల్ జూమ్ లేనట్టే. ప్రాడక్ట్ ఫొటోని పెద్దది చేసుకుని చూస్తే చాలు, కొనక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

కొత్తదే కావాలి, వారంటీ కావాలి అనేవాళ్లకి కొడాక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్55 లాంటివి ఉన్నాయి. కొడాక్ పేరుని లైసెన్స్ తీసుకుని జేకే ఇమేజింగ్ అనే కంపెనీ అమ్ముతోంది. 16 మెగాపిక్సెల్, 1/2.3 అంగుళాల సెన్సార్, 28 నుంచి 140 ఎంఎం వరకు నిజమైన 5ఎక్స్ జూమ్. అద్భుతం కాదు, మోసమూ కాదు. నా ఓటు మాత్రం సెకండ్ హ్యాండ్‌కే.

సెకండ్ హ్యాండ్‌లో ఏది?

అందరికీ తెలిసిన పేరు సోనీ ఆర్‌ఎక్స్100. 2012లో వచ్చింది, 1 అంగుళం సెన్సార్, అంటే 116 చదరపు మిల్లీమీటర్లు. నిజంగా మంచి కెమెరా. కానీ మంచి కండిషన్‌లో ఉన్నది 15 వేలలో దొరకడం కష్టం. ఎవరైనా మరీ తక్కువకి ఇస్తానంటే సంతోషించకండి, ఎందుకో అడగండి.

మన బడ్జెట్‌కి సరిపోయేది దానికి ఒక మెట్టు కింద ఉన్న 1/1.7 అంగుళాల సెన్సార్ కెమెరాలు. కెనాన్ ఎస్95 (2010), ఎస్110 (2012), ఎస్120 (2013) ఈ కోవలోవే. జీన్స్ జేబులో పడతాయి, వైడ్‌లో ఎఫ్ 2.0 లేదా అంతకన్నా కాస్త మెరుగైన లెన్స్, రా ఫైల్స్, మాన్యువల్ కంట్రోల్స్. మధ్యలో ఎస్100 కూడా ఉంది గానీ, కొన్ని యూనిట్లలో లెన్స్ ఎర్రర్ సమస్య ఉందని కెనానే ఒప్పుకుని అప్పట్లో ఫ్రీగా రిపేర్ చేసింది. ఆ ఫ్రీ సర్వీస్‌ని ఇప్పుడు నమ్ముకోలేం కాబట్టి దాన్ని నేను దాటేస్తా.

దూరం జూమే ముఖ్యం అనుకుంటే కెనాన్ ఎస్‌ఎక్స్260 హెచ్‌ఎస్ లాంటివి వెతకండి. 25 నుంచి 500 ఎంఎం, అంటే 20ఎక్స్. పగటిపూట పక్షులకీ, గోపురం మీద శిల్పాలకీ భలే ఉంటుంది.

మా చెల్లి ఇక్కడే ఎగిరి గంతేసింది. "అయితే అదే! ఫెస్ట్‌లో వెనక సీట్లోంచి స్టేజ్ మీద డాన్స్ తీయొచ్చు." తీయలేం. ఇది చాలామంది మోసపోయే పాయింట్, అందుకే కాస్త వివరంగా చెప్తా. చిన్న కెమెరాల్లో జూమ్ చేసేకొద్దీ లెన్స్ లోపలికి తీసుకునే వెలుతురు తగ్గిపోతుంది. ఎస్110నే తీసుకోండి. వైడ్‌లో ఎఫ్ 2.0, ఫుల్ జూమ్‌లో ఎఫ్ 5.9. ఈ రెంటికీ తేడా దాదాపు తొమ్మిది రెట్లు. అంటే సెన్సార్ మీద పడే వెలుతురు తొమ్మిదో వంతుకి పడిపోతుంది. డాన్స్ చేసేవాళ్లు కదులుతుంటారు కాబట్టి షట్టర్ నెమ్మది చెయ్యలేం. ఇక మిగిలింది ఐఎస్ఓ పెంచడం. చిన్న సెన్సార్‌లో ఐఎస్ఓ 1600 దాటితే ముఖం మీద ఇసుక చల్లినట్టు ఉంటుంది. ఫ్లాష్ వేద్దామంటే అది జూమ్‌లో రెండు మూడు మీటర్లు దాటి పనిచేయదు, ముందు వరుస వాళ్ల తలకాయలు మాత్రం తళతళా మెరుస్తాయి. ఈ ధరలో ఏ జేబు కెమెరా కూడా ఆడిటోరియం వెనక నుంచి స్టేజ్‌ని బాగా తీయలేదు. ముందుకెళ్లి కూర్చోవడమే మార్గం. ఫ్రీ కూడా.

కొంతసేపు ఆలోచించి, "నాకు స్టేజ్ కన్నా హాస్టల్ ఫ్రెండ్స్ ఫొటోలే ఎక్కువ" అంది. అలాంటప్పుడు 20ఎక్స్ ఎందుకు? ఎస్ సిరీసే.

ఇంకో మాట. 'సీసీడీ సెన్సార్' అని ధర పెంచి అమ్ముతున్నారు. సీసీడీ వల్లే ఆ పాత రంగులు వస్తాయన్నది సగం నమ్మకమే. రంగులు ఎక్కువగా సెన్సార్ మీదున్న కలర్ ఫిల్టర్లు, కెమెరా లోపలి జేపెగ్ ప్రాసెసింగ్ వల్ల వస్తాయి. సీసీడీ కెమెరాల్లో వీడియో చాలావరకు 720పీ దగ్గరే ఆగిపోతుంది, వీడియోలో బల్బు పడితే పైనుంచి కిందకి ఒక గీత కూడా రావచ్చు. ఎస్95 సీసీడీనే, మంచిదే. కానీ ఆ మూడక్షరాల కోసం ఎక్స్‌ట్రా రెండు వేలు మాత్రం ఇవ్వకండి. మరీ పాతవాటికి వెళ్తే ఇంకో రిస్క్. 2002-04 ప్రాంతంలో తయారైన చాలా బ్రాండ్ల కెమెరాల్లో వాడిన కొన్ని సీసీడీలు వేడికీ తేమకీ పాడైపోయాయి, 2005లో కంపెనీలు వరసపెట్టి ఫ్రీ రిపేర్ ప్రకటించాయి. మన ఎండలకీ, విశాఖ, కాకినాడ ఉక్కపోతకీ అలాంటిది ఎందుకు చెప్పండి.

షాపులో పది నిమిషాలు

రెండేళ్ల కింద నేనొక తప్పు చేశా. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి, ఎవరో తెలియని మనిషికి 6,500 పంపి ఒక పాత కెమెరా తెప్పించుకున్నా. మూడో రోజు లెన్స్ బయటికొచ్చి లోపలికి వెళ్లనని మొండికేసింది. రిపేర్‌కి అడిగితే కెమెరా ధరకన్నా ఎక్కువ చెప్పారు. అమ్మినవాడు నంబర్ బ్లాక్ చేశాడు. ఇప్పటికీ మా ఇంట్లో అది షోకేస్‌లో నోరు తెరుచుకుని ఉంది.

అందుకే చేత్తో పట్టుకుని చూడకుండా కొనొద్దు. కోఠిలో కెమెరా షాపులకి వెళ్లేటప్పుడు మా దగ్గర ఒక మెమరీ కార్డు, ఒక తెల్ల కాగితం, ఫోన్ టార్చ్, అంతే. మొదటి పని, పదిసార్లు ఆన్, ఆఫ్. లెన్స్ ప్రతిసారీ ఒకేలా, కరకరలాడకుండా రావాలి. షాపతను విసుక్కుంటే విసుక్కోనివ్వండి. తర్వాత ఫుల్ జూమ్‌లో ఫోకస్ అవుతోందా చూడండి, కొన్ని వైడ్‌లో బాగుండి జూమ్‌లో తడబడతాయి. ఆ తర్వాత ఎపర్చర్ ఎఫ్ 8 పెట్టి తెల్ల కాగితాన్ని ఫొటో తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. బూడిదరంగు మచ్చలు కనిపిస్తే సెన్సార్ మీద దుమ్ము. లోపలికీ బయటికీ కదిలే లెన్స్ పంపులా గాలితో పాటు దుమ్మునీ లాగుతుంది, కెమెరా విప్పితే తప్ప అది పోదు. మేము చూసిన మొదటి కెమెరాలో ఇలాంటివి ఐదు మచ్చలు. "ఫొటోలో కనపడవమ్మా" అన్నాడు షాపతను. ఆకాశం ఫొటో తీసి చూపించా, మారు మాట్లాడలేదు.

లెన్స్‌లోకి పక్కనుంచి టార్చ్ వేసి చూస్తే సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే ఫంగస్, వెంటనే వదిలేయండి. లెన్స్‌ని అరచేత్తో మూసి ఒక సెకను ఎక్స్‌పోజర్ ఇస్తే వెలిగే చుక్కలు తెలుస్తాయి, ఒకటి రెండు పర్లేదు. ఫ్లాష్ నాలుగైదుసార్లు వేయండి. బ్యాటరీ తలుపు గొళ్లెం, బ్యాటరీ ఉబ్బిందా లేదా, చార్జర్ ఉందా, ఇవి ఎలాగూ చూస్తారు.

కార్డు దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. 2000ల్లో వచ్చిన చాలా ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ కెమెరాలు ఎక్స్‌డీ కార్డు తీసుకుంటాయి. 2010కి ముందు సోనీవి చాలావరకు మెమరీ స్టిక్. అవి వెతుక్కోవడమే ఒక ప్రాజెక్ట్. ఎస్‌డీ స్లాట్ ఉన్నా, 2006కి ముందువైతే 2 జీబీ దాటిన కార్డు చదవకపోవచ్చు. ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో చవగ్గా ఏదైనా దొరికినా ముందు స్లాట్ తెరిచి చూడండి.

మూడో షాపులో దొరికింది ఎస్110. పక్కన చిన్న గీత, లోపల శుభ్రం. 12,500 చెప్పాడు, 11 వేలకి, నెల రోజుల షాప్ వారంటీతో ఇచ్చాడు. మిగిలిన నాలుగు వేలు షూస్‌కి కాదు. ఎన్‌బీ-5ఎల్ స్పేర్ బ్యాటరీ ఒకటి, 16 జీబీ కార్డు, టైప్-సి కార్డ్ రీడర్ తీసుకున్నాం. కెమెరాలో వైఫై ఉంది గానీ పాత యాప్‌లతో కుస్తీ పట్టేకన్నా రీడర్ ఫోన్‌కి గుచ్చితే క్షణాల్లో ఫొటోలు వచ్చేస్తాయి. రిపేర్ ఏదైనా వస్తే అని మిగతాది తన అకౌంట్‌లోనే ఉంచమన్నా. ఏం చేసిందో నేను అడగలేదు, కాళ్లకి కొత్త షూస్ మాత్రం కనిపించాయి.

సెట్టింగ్స్ మూడే మార్చి ఇచ్చా: మోడ్ పి, ఐఎస్ఓ ఆటో పరిమితి 800, లోపల తీసేటప్పుడు ఫ్లాష్ ఎప్పుడూ ఆన్. వాడనప్పుడు గాలి చొరని డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలతో పెట్టమన్నా. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే పొట్లాలు పడేయకండి, వర్షాకాలంలో అవే లెన్స్‌ని కాపాడతాయి.